గోదాం గోడ పక్క చేను

నాందేడ్ జిల్లా ధర్మాబాద్ తాలూకా కర్ఖేలి గ్రామ నివాసి, కీర్తిశేషుడు పోశట్టి కొడుకు గడ్డంవాడ్ ముత్తన్న అనే నేను, నా ఇష్టంతో, నా చేత్తో రాసుకుంటున్న వీలునామా ఇది. వృత్తి అన్నచోట అలవాటుగా కూలి అని రాసి, కొట్టేశాను. పోయిన సోమవారం నుంచి నా వృత్తి వ్యవసాయం. ఆ కొట్టివేత నాదే. పక్కన దస్తఖత్ కూడా పెట్టాను. వయసు డెబ్బై దాటింది. ఆధార్ కార్డులో పుట్టినరోజు జనవరి ఒకటి అని ఉంది. మా వాడలో ముసలివాళ్ళం అందరం జనవరి ఒకటినే పుట్టాం, రాసుకునేవాళ్ళకు అది సులువు.

నా బుద్ధి స్థిరంగా ఉంది. కాళ్ళు స్థిరంగా లేవు గానీ వీలునామాకు కాళ్ళతో పని లేదు. నన్ను ఎవరూ బలవంతం చేయలేదు. ఇన్నేళ్ళూ నా దగ్గర ఏమీ లేదు గనుక బలవంతం చేయడానికి ఎవరూ రాలేదు. ఇప్పుడు వస్తున్నారు. నిన్న కూడా ఒకడు మోటార్ సైకిల్ మీద వచ్చి నా ఆరోగ్యం అడిగి పోయిండు. అందుకే తొందరగా రాస్తున్నాను.

నేను మస్తు ఖుషీగా ఉన్నాను, ఈ సంగతి కూడా రికార్డులో ఉండాలి. నా పెళ్ళినాడు కూడా ఇంత సంతోషం లేదు, ఆ రోజు కొత్త చెప్పులు కరిచినయి. ఇప్పుడు నా పేరు మీద సాత్‌బారా వచ్చింది. సాత్‌బారా అంటే భూమి ఎవరిదో చెప్పే సర్కారీ కాగితం. మా తాత చూడలేదు, మా నాయన చూడలేదు. తలాఠీ, అంటే ఊరి పట్వారీ, ఆఫీసులో అది చేతికి రాగానే బస్సులో కూర్చొని నా పేరు నేనే పైకి చదివాను. పక్కన కూర్చున్న ఆమె ఎవరిదన్నా చావు వార్తేమో అనుకొని నా భుజం తట్టింది. అప్పుడు నిజంగానే ఏడుపు వచ్చింది.

నా పిల్లలు ఇద్దరు. కొడుకు సూర్యకాంత్, నాందేడ్‌లో ఆటో నడుపుతాడు. బిడ్డ శుభాంగి, కిన్వట్ పక్కన గోకుందలో ఆశా కార్యకర్త. ఇద్దరూ నా రెండు కళ్ళు. ఈ వీలునామా అమలు చేయించే బాధ్యత శుభాంగిది, ఎందుకంటే దానికి ఆఫీసులో నిలబడి అరవడం వచ్చు.

ఇందులో అసలు మాట ఒక్కటే, ముందే చెప్పేస్తున్నాను: నా చేనులో తూర్పు సగం నా బామ్మర్ది భోజన్న దున్నుకోవాలి. దానికి చట్టం అడ్డం ఉంది, నా కొడుకు అడ్డం ఉన్నాడు, భోజన్న తానే అడ్డం ఉన్నాడు.

1. ఆస్తి వివరం. కర్ఖేలి శివారులో గాయరాన్, అంటే ఒకప్పుడు ఊరి పశువులు మేసిన సర్కారీ బీడు, అందులో నా కబ్జాలో ఉండి ఇప్పుడు నా పేరున ఎక్కిన రెండెకరాలు. హద్దులు: ఉత్తరం ధర్మాబాద్ పోయే బాట. దక్షిణం మేకలు మేసే మిగిలిన బీడు. పడమర వాగు. తూర్పు నందకిషోర్ సేఠ్ సోయాబీన్ గోదాం గోడ. ఆ గోడ కింద భోజన్న చేను. ఈ చివరి మాట సాత్‌బారాలో లేదు, నేను కలిపాను.

2. ఆస్తి నాకు సంక్రమించిన విధం. రిజిస్టర్ కోసం ఇదే వీలునామాకు మరాఠీ కాపీ రాసే లేఖరి ఇది అడిగిండు: “ఎట్ల అచ్చింది తాతా? కొన్నవా, ఇనామా?” జైలుకు పోయి సంపాయించిన అన్నాను. నవ్విండు. నేను పరిహాసం ఆడలేదు. పిల్లలారా, సగం సగం విన్నారు గనుక ఇక్కడ మొత్తం రాస్తున్నాను.

డెబ్బైరెండు కరువు తర్వాత మా వాడవాళ్ళం ఆ బీడు కొట్టుకున్నాం. బీడు అంటే మన్ను కాదు, రాళ్ళు. నేనూ మీ అమ్మ సంగవ్వా ఒక ముక్క, పక్కనే మీ అమ్మ తమ్ముడు భోజన్న ఒక ముక్క. ఏరిన రాళ్ళు మధ్య గట్టు మీద పోసేవాళ్ళం. పగలంతా పెద్ద సేఠ్ దగ్గర జీతం, అంటే ఇప్పటి నందకిషోర్ సేఠ్ తండ్రి దగ్గర. పొద్దు గుంకే ముందు కాస్త వెలుగు ఉంటే మా చేను. నాలుగైదేళ్ళకు జొన్న నిలబడింది.

పందొమ్మిది వందల ఎనభై దాటినాక ఒక రోజు జీపు వచ్చింది. సాహెబ్ దిగలేదు. తలాఠీ ఒక్కొక్క చేను ముందు నిలబడి, ఎవరిది అని అడుగుతూ వచ్చిండు. మా వాడలో ఇటువంటి మాటకు ఒక జవాబు ఉండేది, పిల్లలకు నడకతో పాటు నేర్పేవాళ్ళం. చెప్పులు తొడుక్కున్నవాడు వచ్చి ఏది అడిగినా, మేక ఎవలది, బొక్కెన ఎవలది, చేను ఎవలది, “సేఠ్ సాబ్‌ది” అనాలి. నాది అంటే ఎవడు ఇచ్చిండు అంటారు. సేఠ్‌ది అంటే పోతారు. నా చిన్నప్పుడు సర్వే వాడు నన్ను చూపించి ఈ పోరడు ఎవలోడు అని అడిగితే, నన్ను కన్న మా అవ్వ “సేఠ్ సాబ్ ఇంటి జీతగాడు” అంది. “నా కొడుకు” అనలేదు. ఆమె తప్పు కాదు, ఆమెకు నా మీద ఉన్న ప్రేమ అది.

భోజన్న ఆ జవాబే చెప్పిండు. “సేఠ్ సాబ్‌ది సార్, మేం కూలోళ్ళం.” తలాఠీ రాసుకున్నాడు. తర్వాత నా దగ్గరికి వచ్చిండు. నేను “నాది” అన్నాను.

భోజన్న మీద సర్కారుకు కోపం రాలేదు, వాడికి ఏ కేసూ లేదు. నన్ను సర్కారీ భూమి కబ్జా చేసినవాడు అని ఎడ్ల పండుగ పోలా మరునాడు పట్టుకపోయారు. జడ్జి సాబ్ మంచివాడు, రెండు రోజుల్లో జమానత్, అంటే బెయిలు, ఇచ్చిండు. ఇచ్చిండు అంటే నోటితో ఇచ్చిండు. భూమి ఉన్నవాడు ఎవడన్నా వచ్చి తన సాత్‌బారా చూపించి పూచీ దస్తఖత్ పెట్టాలి. భూమి లేనోడు భూమి కబ్జా చేసిండని లోపల వేశారు, భూమి ఉన్నోడు వస్తేనే బయటికి పంపుతాం అన్నారు. నేను ఈ ముచ్చట నలభై ఏళ్ళుగా తిప్పి తిప్పి చూస్తున్నాను, ఇంకా అర్థం కాలేదు.

సంగవ్వ పెద్ద సేఠ్ దగ్గరికి పోయి అరుగు కింద నిలబడింది. ఆయన, “నాది అన్న మాట వాపస్ దీసుకొమ్మను, గప్పుడే దస్తఖత్ పెడ్త” అన్నాడట. ఆమె వచ్చి ఊచల అవతల నుంచి నాకు ఆ మాట చెప్పి, వెంటనే తానే అన్నది: “దీసుకోకు. కలుపు నేను దీస్తున్న. పంట మంచిగున్నది.” పూచీకి ఎవరూ రాలేదు, చివరికి జడ్జి సాబ్ నా సొంత పూచీ మీదనే వదిలితే నేను దీపావళి దాటినాక బయటికి వచ్చాను. తర్వాత శిక్ష కూడా పడ్డది, జుర్మానా కట్టాను.

ఇక నందకిషోర్ సేఠ్ సంగతి. తండ్రి పోయినాక ఈయన ఆ తలాఠీ రాతను పట్టుకొని, భోజన్న చేను మా తండ్రి కబ్జాలోది అని చెప్పి గోదాం కట్టిండు. అదీ సర్కారీ బీడే. కొన్నేళ్ళకు కబ్జాలు తొలగించాలని నోటీసులు వచ్చినయి. ఆయనకూ నాకూ ఒకే రోజు, ఒకే సంతకం. నేను చాలా సంతోషపడ్డాను, చట్టం మొదటిసారి మా ఇద్దరి పేర్లూ పక్కపక్కన రాసింది గదా అని. జేసీబీ నా శనగ చేను మీదికి వచ్చింది, పూత మీద ఉన్న చేను. గుడిసె కూలింది. గోదాం దగ్గర ఆగింది, ఆయన వకీలు ఔరంగాబాద్ హైకోర్టు నుంచి స్టే తెచ్చిండు. ఆ స్టే ఉన్నంత కాలంలో గోదాంకు ఇంకో షెడ్డు లేచింది. చివరికి అది ఆయన పేరున పక్కా అయింది. నేను మళ్ళీ గడ్డపార పట్టుకొని మొదటి నుంచి మొదలుపెట్టాను.

ఆ గోదాంలో బస్తాల తట్టు కూలి ఒక హమాలీ చచ్చిపోయిండు. సేఠ్ మీద కేసు. అరెస్టుకు ముందే జమానత్ అంట, అటువంటిది కూడా ఉందట. దెబ్బ తగలక ముందే మందు. పోలీసులు వచ్చి చాయ్ తాగి పోయారు. ఆ చాయ్ మా భోజన్ననే తెచ్చి ఇచ్చిండు. ఎందుకంటే భోజన్న ఆ గోదాంకు వాచ్‌మన్. తన చేను మీద కట్టిన గోదాంకు తానే కాపలా. ఏ బస్తా కింద తన ఏ సాలు ఉందో ఇప్పటికీ చెప్తాడు.

ఇప్పుడు అసలు తమాషా. కబ్జా చేసిన భూమిలేనివాళ్ళకు ఆ భూమి పేరున చేస్తామని సర్కారు అన్నది. అయితే పాతకాలం నుంచి దున్నుతున్నట్టు సర్కారీ రుజువు కావాలి. నా రుజువు ఏంది? నా శిక్ష. ఫలానా వాడు ఫలానా సంవత్సరంలో ఫలానా భూమిని కబ్జా చేసిండని కోర్టే రాసిచ్చింది. ఆఫీసులో బాబు పిల్లవాడు అది చదివి మరాఠీలో అన్నాడు: “ఆజోబా, తుమ్హీ గున్హేగార్ హోతా మ్హణూన్ మాలక్ ఝాలాత్.” తాతా, నేరస్థుడివి గనుకే యజమానివైతివి అని. వాడు మంచి మనసుతోనే అన్నాడు. వాడికి దూద్ పేడా తినిపించాను. భోజన్నకు శిక్ష లేదు, జుర్మానా లేదు. వాడు ఏ తప్పూ చేయలేదు, అందుకే వాడికి భూమి లేదు.

3. పై రెండెకరాలు నా తదనంతరం సూర్యకాంత్, శుభాంగి ఇద్దరి పేరా సమానంగా ఉమ్మడిగా ఎక్కాలి. పెళ్ళయిన బిడ్డకు భూమేంది అనేవాడు నా వాకిట్లోకి రావద్దు. జైలు ఊచల దగ్గరికి సంగవ్వ వచ్చినప్పుడు శుభాంగి ఆమె కడుపులో ఉంది.

4. చిన్న చిన్నవి. కీర్తిశేషురాలు సంగవ్వ వెండి కడియాలు నా మనుమరాలు, సూర్యకాంత్ బిడ్డ ప్రాజక్తకు. కరిగించి వేరేది చేయించుకుంటానంటే చేయించుకోనీ, ఎవరూ కసురుకోవద్దు. దానికి మా కాలం నగలు సంకెళ్ళలాగా కనిపిస్తాయట. నిజమే చెప్పింది. నా గొంగడి భోజన్నకు, గోదాం గేటు దగ్గర గాలి ఎక్కువ. రేడియో మా వాడ కుర్రవాడు కైలాశ్‌కు, తట్టితేనే పలుకుతుంది. రెండు మేకలు అమ్మి, తహసీల్ ఆఫీసు వరండాలో ఒక బెంచీ వేయించాలి. మేము ఇన్నేళ్ళు అక్కడ నిలబడ్డాం. సేఠ్ వస్తే లోపల కుర్చీ, మేము వస్తే బయట గోడ. బెంచీ మీద నా పేరు రాయించవద్దు, రాస్తే ఎవరో ఒకరు అది సేఠ్ దానం అనుకుంటారు.

5. నందకిషోర్ సేఠ్‌కు. మేము ఏరి గట్టు మీద పోసిన రాళ్ళన్నీ ఆయన అడగకుండానే గోదాం పునాదిలో వేసుకున్నాడు. ఆ రాళ్ళు నావీ, నా భార్యవీ, భోజన్నవీ. మా ముగ్గురి తరఫున వాటిని నేను నందకిషోర్ సేఠ్‌కు దానం ఇస్తున్నాను. ఇక నుంచి అవి ఆయన దొంగిలించినవి కావు. కర్ఖేలిలో ఒక కూలివాడి దగ్గర దానం పట్టిన సేఠ్ ఆయన ఒక్కడే. ఈ అంశం ఒక నకలు ఆయనకు పంపాలి, రిజిస్టర్ పోస్టులో.

6. జమానత్. మా వాడలో ఎవరినన్నా పట్టుకపోయి, జడ్జి జమానత్ ఇచ్చినా పూచీ దొరక్క లోపలే ఉంటే, నా వారసులు ఈ సాత్‌బారా తీసుకొని కోర్టుకు పోవాలి. మనిషి మంచివాడా చెడ్డవాడా అని ఇంట్లో పంచాయితీ పెట్టవద్దు, అది జడ్జి పని. ఇటువంటి సర్కారిచ్చిన భూమికి కొందరు జడ్జిలు పూచీ ఒప్పుకోరు అని మా వకీలు గోవింద్ చెప్పిండు. అయినా పోవాలి. ఒప్పుకోకపోతే పోనీ. లోపల ఉన్నవాడికి తన కోసం ఎవరో భూమి పట్టుకొని వచ్చారని తెలిస్తే అన్నం దిగుతుంది. ఈ సంగతి నాకు తెలుసు.

7. నన్ను ఆ చేనులో పూడ్చవద్దు. సమాధి కడితే అంత మేర విత్తనం తగ్గుతుంది. వాడ వాళ్ళందరితో పాటే.

8. భోజన్న. తూర్పు సగం వాడికే రాసిద్దామని గోవింద్ వకీలు దగ్గరికి పోయాను. ఆయన చెప్పిండు, ఇది అమ్మడానికి, దానానికి, కౌలుకు వీల్లేని భూమి. వారసులు కానివాళ్ళకు రాయాలంటే కలెక్టర్ ఇజాజత్, అంటే అనుమతి, కావాలి, అది లేకుండా రాస్తే సర్కారు మొత్తం వాపస్ తీసుకోవచ్చు. ఇజాజత్ ఎన్ని దినాలకు వస్తది అని అడిగాను. ఆయన కళ్ళద్దాలు తీసి, “నీకా, సేఠ్‌కా?” అన్నాడు. నాకు ఆ వకీలు నచ్చిండు.

అందుకని రిజిస్టర్ అయ్యే మరాఠీ కాపీలో ఈ అంశం ఉండదు. ఈ తెలుగు కాపీలోనే ఉంటుంది. బోధన్ చెరకు కోతలకు పోయినప్పుడు నేర్చుకున్న అక్షరాలు, ఇన్నాళ్ళకు పనికొచ్చినయి. తూర్పు సగం జనాబాయి, భోజన్న బతికి ఉన్నంత కాలం దున్నుకుంటారు, పండింది వాళ్ళది. వాళ్ళ తర్వాత ఆ ముక్క మీ ఇద్దరికే. జనాబాయి, అంటే భోజన్న భార్య, పేరు ముందు ఎందుకు రాశానంటే, ఈ ముచ్చట చెప్పగానే భోజన్న చేతులు అడ్డం ఊపిండు: “ఒద్దు బావా. సేఠ్ అడిగితె ఏం జెప్పాలె? వాచ్‌మన్ పని పోతది. పని పోతె నీ చెల్లె నన్ను ఇంట్ల రానియ్యది.” జనాబాయి లోపల నుంచే అరిచింది: “గీ మనిషి ఒద్దన్నడని నన్ను లెక్క దప్పియ్యకు అన్నా. నా పేరు రాయి. నాగలి నేను బట్త, ఈయన గేటు బట్టుకొని ఉండనీ.” రాశాను చెల్లే.

కొడుకా సూర్యకాంత్. నువ్వు అన్న మాట నాకు గుర్తుంది: “మామ భయపడ్డడు బాపూ, నువ్వు భయపడలే. భయపడ్డోనికి భూమెందుకు?” నీ ఆటో కిస్తీలు నాకు తెలుసు, ఇంట్లో ముగ్గురు చదివేవాళ్ళు ఉన్నారు, సేఠ్ మనుషులు నాందేడ్‌లో నిన్ను కూడా కలిశారని తెలుసు. అమ్మడానికి వీల్లేని భూమికి వాళ్ళు బయానా ఎందుకు ఇస్తామంటున్నారో ఒక్కసారి ఆలోచించు. మనకు లేని ఇజాజత్ వాళ్ళకు వస్తుంది, అందుకు.

ఇక భయం మాట. నేను ధైర్యవంతుణ్ణి కాదు బిడ్డా. ఆ జీపు వచ్చిన పొద్దు నా గడ్డపార రాయికి తగిలి విరిగింది. అడిగి తెచ్చుకున్న గడ్డపార, అది పెద్ద సేఠ్‌ది. ఆయనకు ఏం జవాబు చెప్పాలా అని మండిపోతున్నాను. ఆ మంటలో నాది అన్నాను. విరిగింది భోజన్న గడ్డపార అయితే ఆ మాట వాడే అనేవాడు, నేను సేఠ్‌ది అని తప్పుకునేవాణ్ణి, ఈ రోజు గోదాం గేటు దగ్గర నేను కూర్చునేవాణ్ణి. మన రెండు ఇండ్ల మధ్య తేడా అంతే. నేను లోపల ఉన్నప్పుడు నీకు నాలుగేండ్లు. అప్పుడు నువ్వు తిన్న జొన్న గటక భోజన్న చేనుది. పెద్ద సేఠ్ తన పేరున రాయించుకొని సగం పట్టుకపోగా మిగిలిన సగంలోంచి వాడు నీకు పెట్టిండు. నేను దానికి బదులు తీర్చమనడం లేదు. గుర్తు పెట్టుకొమ్మంటున్నాను.

ఈ అంశం కోర్టుకు పోతే చెల్లదు. ఏ జడ్జీ అమలు చేయడు. తెలిసే రాశాను. చట్టంలో రాసి ఉన్న మంచి మాటలు ఎన్నో మా వాడ దాకా రాలేదు. అందుకే చట్టంలో లేని ఒక మాటను మీ ఇద్దరి చేతుల్లో పెడుతున్నాను. నిలబెడితే మీరు నిలబెట్టినట్టు, తీసేస్తే మీరు తీసేసినట్టు. నేను చూడటానికి ఉండను.

ఇంతకు ముందు నేను ఏ వీలునామా రాయలేదు, రాయడానికి ఏమీ లేదు గనుక. ఇదే మొదటిది, ఇదే చివరిది. పై అంశాలన్నీ చదివి వినిపించి, పిల్లలను ఒకసారి గట్టిగా చూసి, సంతోషంతో దస్తఖత్ పెడుతున్నాను.

కర్ఖేలి, తేదీ 16 నవంబరు 2025, ఆదివారం.

(దస్తఖత్) గడ్డంవాడ్ ముత్తన్న, రైతు

గవాయిలు (సాక్షులు), అతను మా ఎదుట, మేము అతని ఎదుట దస్తఖత్ పెట్టాము:
1. ఆనందం, దర్జీ, కర్ఖేలి
2. విద్యావతి, రిటైర్డు టీచరు, ధర్మాబాద్

వారసులు, విన్నట్టు:
శుభాంగి: విన్న. ఎనిమిదో అంశం నేను జూసుకుంట.
సూర్యకాంత్: విన్న. మనసొప్పి గాదు, బాపు ముంగట ఒద్దనలేక పెడుతున్న.